కంప కట్టె, కరెంటు లెక్క

1876లో మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ శాఖకు అటవీ శాఖ నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడు లెఫ్టినెంట్ కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. పేరుకు సైనికాధికారి, మనసంతా చెట్ల మీదా పాముల మీదా ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త. నీళ్లు లేని చోట బతికే ఒక తుమ్మజాతి చెట్టు వెస్టిండీస్‌లో ఉందనీ, దాని విత్తనం తెప్పిస్తే మన మెట్ట సీమలకు వంటచెరకు కరువు తీరుతుందనీ ఆయన వాదన. మరుసటి ఏడాది జమైకా నుంచి విత్తనం దిగింది. కడప జిల్లా కమలాపురంలో నాటారు. శాస్త్రజ్ఞులు ప్రోసోపిస్ జూలీఫ్లోరా అనే ఆ చెట్టును మనం సర్కారు తుమ్మ అంటాం. అనంతపురం పల్లెల్లో ఒక్క మాటలో కంప అంటారు.

ఆ విత్తనం వచ్చిన సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1876 నుంచి 1878 దాకా రాయలసీమను ధాత కరువు ఊడ్చేసింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇప్పటి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. అనంతపురం వేరే జిల్లాగా ఏర్పడింది 1882లో. తిండి కోసం జనం గంజి కేంద్రాల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, పొయ్యి కింద కట్టె కోసం ఒక చెట్టు సముద్రాలు దాటి వచ్చింది. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికమని నాకు అనిపించదు. వాన తప్పితే మొదట గింజ పోతుంది, తర్వాత గడ్డి పోతుంది, చివరికి చెట్టు పోతుంది. బెడ్డోమ్ చూస్తున్నది ఆ మూడో నష్టాన్ని.

కట్టె కరువుకు వానలు తప్పడం ఒక్కటే కారణం కాదు. మద్రాసులో అటవీ శాఖ 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ చేతి మీదుగా మొదలైంది. అదే ఏడాది రైలు కూడా వచ్చింది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో గానీ మొదలు కాలేదు. అంతవరకూ రాతిబొగ్గు అంటే ఎక్కువగా దూరం నుంచి ఓడలో రావలసిందే. అందుకే దక్షిణాది రైలింజన్లలో చాలావాటికి తొలి దశాబ్దాల్లో కట్టెలే మేత. మద్రాసు నుంచి రాయచూరు పోయే దారి పక్కన చిట్టడవి ఎంత కరిగిందో అటవీ అధికారులకు కళ్ల ముందే తెలుసు. మొదటి కంప తోట వేసిన కమలాపురం ఆ దారి మీదే ఉంది. 1890ల మొదటి ఏళ్లలో గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు మీటరు గేజి రైలు పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే దారానికి గుచ్చిన పూసల్లా ఆ పట్టాల మీదకు చేరాయి. ధర్మవరం నుంచి పాకాలకు మరో దారి కలిసి, అది జంక్షను అయింది. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం కొండలకు గీతలు గీసింది. ఆ గీతల అవతల పశువును మేపినా, మోపు కట్టెలు కొట్టినా నేరమైంది. అప్పటిదాకా గుట్టలో ఏరుకున్న కట్టెకు పల్లె జనం చెరువు కట్టల దగ్గరా, వంకల్లోనూ వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

విజయనగర రాజులకు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండ కొండ ఎక్కి చూస్తే ఈ నేల స్వభావం అర్థమవుతుంది. గుట్టలు, రాళ్లు, మధ్యమధ్య ఎర్ర చెలకలు, దూరంగా చెరువుల జాడలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా లెక్కలో ఉన్నదే గానీ నేల మీద ఎప్పుడు పడుతుందో చెప్పలేనిది. ఇలాంటి నేల కోసమే పుట్టినట్టుంది కంప. దాని వేరు నీళ్ల కోసం ఎంత లోతుకైనా దిగుతుంది. ఆకును మేక కూడా ముట్టదు. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది. గొర్రెలూ ఆవులూ దాన్ని ఇష్టంగా తిని, గింజను అరగకుండా పేడతో పాటు పదిచోట్ల దింపి పోతాయి. పశువు కడుపులో నానిన గింజకు మొలక ఇంకా సులువు. పైన నరికితే మొద్దు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. తుమ్మ, వేప, చింత, కానుగ పెరిగే చోట్ల ఇది చేరితే కొన్నేళ్లకు అవి తప్పుకుంటాయి. దాని నీడలో గడ్డి బాగా ఎదగదు.

సర్కారు తుమ్మ అన్న పేరులోనే చరిత్ర ఉంది. ప్రభుత్వం తెచ్చింది, ప్రభుత్వ భూమిలో పెరిగింది, అటవీ శాఖా సామాజిక అటవీ పథకాలూ నాటించాయి. తర్వాత ఎవరూ నాటకుండానే ఊరంతా పాకింది. నీళ్లు నిండని చెరువుల కడుపులో మొదట దిగింది కంపే. ఆయకట్టు రైతుకు ఇది కంటక చెట్టు. కాలికి గుచ్చుకుంటే రోజుల తరబడి చీము పట్టే ముల్లు, తూము దాకా నడవనివ్వని పొద, చెలక గట్టు దాటి లోపలికి వచ్చే శత్రువు. అదే చెట్టు ఇంకొకరికి బతుకుతెరువు. విద్యుత్ కథలోకి పోయే ముందు ఈ రెండో వైపు నిదానంగా చూడాలి. తర్వాత వచ్చిన లెక్కలన్నీ తప్పింది ఇక్కడే.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరుమోసింది. గూళ్లను వేడినీళ్లలో ఉడికించి, చరఖా మీద దారం తీస్తారు. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆ నీళ్లు మసలుతూనే ఉండాలి. ఆ మంటకు వాడేది ఎక్కువగా కట్టె. ఆ దారం ధర్మవరం చేరాక, పట్టు మీద ఉండే జిగురును సబ్బు నీళ్లలో ఉడికించి దింపాలి. తర్వాత రంగు కూడా మరిగే నీళ్లలోనే ఎక్కుతుంది. ధర్మవరం చీర అంచు మీద మెరిసే రంగు వెనుక కట్టెల పొయ్యి ఉందన్న సంగతి చీర కొనేవారికి తెలియదు. హిందూపురం బెల్లం మార్కెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గానుగ దగ్గర చెరకు పిప్పి సరిపోనప్పుడు కట్టె తోడు కావాలి. ఇటుక బట్టీలు, హోటళ్లు, బేకరీలు, పెళ్లి వంటలు, ఊరి శ్మశానం, అన్నిటికీ కంప మోపులే. ఇక బొగ్గుల బట్టీ ఉంది. కంప కట్టెను పేర్చి, మట్టితో కప్పి, గాలి తక్కువగా అందేలా రోజుల తరబడి కాలిస్తే మంచి గట్టి బొగ్గు వస్తుంది. ఇస్త్రీ పెట్టెల నుంచి నగరాల్లోని హోటళ్ల దాకా దానికి గిరాకీ ఉంది. నరికేవాళ్లు, మోసేవాళ్లు, బట్టీ కాపలా పడుకునేవాళ్లు, కట్టెల అడితీ నడిపేవాళ్లు, ఇంతమంది దీని మీద బతుకుతున్నారు. పంచాయతీలు చెరువు కంపను వేలం వేసుకుని నాలుగు రూపాయలు చూసుకుంటాయి. కరువు ఏడాదిలో వేరుశనగ పంట పోతే కూలికి మిగిలేది కంప కొట్టడమే. దీన్ని ఏ ప్రభుత్వ లెక్కా ఒక పరిశ్రమగా రాసుకోలేదు. పథకాల కాగితాల్లో కంప ఎప్పుడూ వ్యర్థమే.

ఆ వ్యర్థం నుంచి కరెంటు తీయవచ్చన్న ఆలోచన ఈ ప్రాంతానికి మొదట పొరుగున, కన్నడ నేల మీద రూపు దిద్దుకుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి 1974లో అస్త్ర అనే విభాగం ప్రారంభించారు. పల్లె అవసరాలకు విజ్ఞానాన్ని దింపడం దాని పని. ఆ విభాగం 1988లో తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకా హోసహళ్లిలో ఒక చిన్న గ్యాసిఫయర్ పెట్టింది. అందులో జరిగేది బొగ్గుల బట్టీలో జరిగేదానికి దగ్గరి పనే. కట్టె ముక్కలను నిండుగా గాలి అందకుండా కాలిస్తే అవి పూర్తిగా మండవు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువుగా మారతాయి. బట్టీలో ఈ వాయువు పొగలో కలిసి పోతుంది. గ్యాసిఫయర్‌లో దాన్ని చల్లార్చి, తారు వడగట్టి, డీజిలింజన్‌లోకి పంపుతారు. ఆ ఇంజను తిప్పే జనరేటర్‌తో ఊరికి దీపాలు, తాగునీరు, పిండిమర నడిచాయి. హిందూపురానికి దగ్గరలో ఉన్న మధుగిరి, కొరటగెరె, శిర తాలూకాల్లో తర్వాత బయోమాస్ ఎనర్జీ ఫర్ రూరల్ ఇండియా పథకం వచ్చింది. 2007లో కొరటగెరె తాలూకా కబ్బిగెరెలో 500 కిలోవాట్ల గ్యాసిఫయర్ కేంద్రం గ్రిడ్‌కు కరెంటు ఇచ్చింది. ఊరి కట్టెతో ఊరికే వెలుగు అన్నది ఆ ఆలోచన. చెట్టు పెంచేవారూ, కొట్టేవారూ, దీపం వెలిగించుకునేవారూ ఒకరే కావడం దాని బలం. అమూల్య రెడ్డి పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది యంత్రం కాదు, ఈ లెక్క.

ఆంధ్ర తొక్కిన దారి వేరు. కేంద్ర సంప్రదాయేతర ఇంధన మంత్రిత్వ శాఖ 1993లో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. గాలి, చిన్న జలవిద్యుత్తు, బయోమాస్ నుంచి వచ్చే కరెంటుకు యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు ఇవ్వాలి, 1994-95ను మూల సంవత్సరంగా తీసుకుని ఏడాదికి 5 శాతం పెంచాలి. 1986లో ఏర్పడిన సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ రాష్ట్రంలో ఈ ప్రాజెక్టులకు ఊతమిచ్చింది. మంత్రం పనిచేసింది. 2000 తర్వాత ఆరు, ఏడున్నర మెగావాట్ల చిన్న కేంద్రాలు జిల్లా జిల్లాకూ పుట్టుకొచ్చాయి. కోస్తాలో వరి పొట్టు, మిరప కట్టె, పత్తి కట్టె. ప్రకాశం, నెల్లూరు, రాయలసీమల్లో సర్కారు తుమ్మ. హిందూపురం మండలం గొల్లాపురంలో శ్రీ రాయలసీమ గ్రీన్ ఎనర్జీ సంస్థ 5.5 మెగావాట్ల కేంద్రం కట్టింది. క్యోటో ఒప్పందం 2005 ఫిబ్రవరి 16న అమల్లోకి వచ్చాక, ఇలాంటి కేంద్రాలకు కార్బన్ క్రెడిట్లు అమ్ముకునే దారి కూడా తెరుచుకుంది. నరికిన కంప మళ్లీ పెరుగుతూ గాలిలోంచి తీసుకునేదీ, మండినప్పుడు వదిలేదీ దాదాపు సమానం కదా అన్నది దాని తర్కం.

ఈ కేంద్రాలది గ్యాసిఫయర్ దారి కాదు, ఆవిరి దారి. కంపను చిప్పర్‌లో వేసి వేలెడంత ముక్కలు చేయాలి. ముళ్ల కొమ్మలు కట్టగా కదలవు, లారీలో సగం గాలే నిండుతుంది. ముక్కలైతేనే బెల్టు మీద సాఫీగా జారి బాయిలర్‌లో ఒకేలా మండుతాయి. ఆ మంటకు నీళ్లు అధిక ఒత్తిడి గల ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి. ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి చల్లదనం కావాలి, అంటే ఇంకా నీళ్లు కావాలి. తాగునీరే దూరం నుంచి గొట్టాల్లో తెచ్చుకునే హిందూపురంలో ఇది చిన్న మాట కాదు. పచ్చి కంపలో దాదాపు సగం తేమ. ఆరబెట్టకుండా వేస్తే మంటలో కొంత భాగం ఆ తేమను ఆవిరి చేయడానికే పోతుంది. పొటాషియం ఎక్కువున్న బూడిద గొట్టాల మీద గారలా పేరుకుంటుంది.

ఇంధనం లెక్కను కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2009లో ఇలా వేసింది. ఒక యూనిట్ కరెంటుకు 3,800 కిలోకేలరీల వేడి కావాలి. ఆంధ్రలో దొరికే బయోమాస్ కిలోకు 3,275 కిలోకేలరీలు ఇస్తుంది. అంటే యూనిట్‌కు 1.16 కిలోల కట్టె. ఈ అంకెను గొల్లాపురం పరిమాణానికి పెట్టి చూద్దాం. 5.5 మెగావాట్లు రోజంతా నిండుగా నడిస్తే 1,32,000 యూనిట్లు, దానికి 153 టన్నుల కట్టె. 80 శాతం నడిచినా రోజుకు 122 టన్నులు, ఏడాదికి దాదాపు 44,700 టన్నులు. ట్రాక్టర్ ట్రాలీకి మూడు టన్నులు పట్టిందనుకుంటే పొద్దున్నుంచి సాయంత్రం లోపల నలభై ట్రాక్టర్లు గేటు దాటాలి. వానాకాలమైనా, పండుగైనా, వేరుశనగ కోతలకు కూలీలు పోయినా ఆగకూడదు. కంప జిల్లా అంతా ఉంది నిజమే, ఒక్కచోట కుప్పగా లేదు. ఇక్కడ కొంత, ఆ వంకలో కొంత, రెండు మైళ్ల అవతల చెరువులో కొంత. దగ్గరిది తీరాక దూరానికి పోవాలి. మళ్లీ చేతికి వచ్చేలా పెరగడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ రకం కేంద్రాలకు అసలు ఇంధనం కంప కాదు, దాన్ని కొట్టి మోసే చేతులు.

ఆ ఇంధనానికి ధర ఉండదని మొదట అనుకున్నారు. వ్యర్థానికి ధరేమిటి? కానీ కేంద్రం గేటు ముందు తూకం కాటా పెట్టిన రోజునే కంప సరుకైంది. చరఖా రీలర్, ఇటుక బట్టీ, బొగ్గు వ్యాపారి, ఇప్పుడు బాయిలర్, అందరూ ఒకే మోపు కోసం పోటీ పడ్డారు. 2009లో కేంద్ర మండలి ఆంధ్రకు టన్నుకు 1,301 రూపాయలుగా ఇంధన ధర నిర్ణయించింది. అప్పుడు కట్టె ఖర్చే యూనిట్‌కు రూపాయిన్నర. టన్ను 500 పెరిగితే యూనిట్ మీద మరో 58 పైసలు. ధర పెరగడం కూలికి మంచిదే. మంచిదని నేను మనసారా నమ్ముతాను. కానీ కరెంటు కొనే ధర మాత్రం హైదరాబాదులో ఒక ఉత్తర్వులో గడ్డకట్టి ఉండేది.

ఆ ఉత్తర్వుల చరిత్ర న్యాయస్థానాల చరిత్ర. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2001 జూన్ 20న కేంద్రం సూచించిన 2 రూపాయల 25 పైసల పద్ధతినే ఖాయం చేసింది, 2004 మార్చి వరకూ. కరెంటును బయటివారికి అమ్మే వీలు లేదనీ, రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ ట్రాన్స్‌కోకే ఇవ్వాలనీ కూడా చెప్పింది. ఏటా 5 శాతం చొప్పున పెరిగి 2003-04 నాటికి ధర దాదాపు మూడున్నర రూపాయలకు చేరింది. 2004 మార్చి 20న మండలి ఆ పద్ధతిని పక్కనపెట్టి, స్థిర వ్యయం వేరు, ఇంధన వ్యయం వేరు అని కొత్త లెక్క వేసింది. కేంద్రాలు కట్టినవారు తమకిచ్చిన మాట తప్పారన్నారు. విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2006 జూన్ 2న ఆ ఉత్తర్వును కొట్టేసింది. ట్రాన్స్‌కో సుప్రీంకోర్టుకు పోయింది. 2010 జూలై 8న సుప్రీంకోర్టు ధర నిర్ణయించే అధికారం మండలిదేనని చెప్పి, విషయాన్ని మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. అన్నేళ్లలో బ్యాంకు వడ్డీ ఆగలేదు, కట్టె ధర ఆగలేదు. రాష్ట్రంలోని చిన్న బయోమాస్ కేంద్రాల్లో ఎన్నో ఏడాదిలో కొన్ని నెలలే నడవడం, కొన్ని మూతబడటం ఆ దశాబ్దపు అనుభవం. నష్టపోయినవాళ్లలో పెట్టుబడి పెట్టినవారి పేర్లు తీర్పుల్లో ఉన్నాయి. కంప కొట్టినవారి పేర్లు లేవు.

ఇంకొక పొరపొచ్చెం మొదటి నుంచీ ఉంది. రైతుకు కంప వేరుతో సహా పోవాలి. కేంద్రానికి కంప మళ్లీ పెరగాలి. గొడ్డలితో కొడితే మొద్దు మిగులుతుంది, పిలకలు వేస్తుంది, నాలుగేళ్లకు మళ్లీ కట్టె. కేంద్రానికి అది పంట. జేసీబీతో పెకలిస్తే చెరువు బాగుపడుతుంది, ఆయకట్టు రైతు ఊపిరి పీల్చుకుంటాడు, కేంద్రానికి మాత్రం వచ్చే ఏడాది ఇంధనం లేదు. కంపను తీసేసి కరెంటు చేద్దాం అన్న ఒక్క వాక్యంలో ఒకదానికొకటి పడని రెండు కోరికలు ఉన్నాయి. ఈ చిక్కు మనది ఒక్కటే కాదు. ఆఫ్రికాలో నమీబియాలో అక్కడి నేలకే చెందిన ముళ్ల పొదలు మేత బీళ్లను కమ్మేశాయి. ఆ విస్తీర్ణం 2 కోట్ల 60 లక్షల హెక్టార్లని చాలాకాలం చెప్పుకున్నారు. ఔట్జో దగ్గర 250 కిలోవాట్ల గ్యాసిఫయర్ పెట్టి చూశారు. ఒహొరొంగో సిమెంటు ఫ్యాక్టరీ ఆ పొదల ముక్కలను బట్టీలో కాలుస్తోంది. త్సుమెబ్ దగ్గర 40 మెగావాట్ల కేంద్రాన్ని అక్కడి విద్యుత్ సంస్థ నామ్‌పవర్ తలపెట్టింది. అక్కడ పశువుల యజమానికి గడ్డి కావాలి. అందుకని నరకడమే లాభం, కరెంటు పైన వచ్చేది. మన చెరువులో అలాంటి యజమాని లేడు. భూమి ప్రభుత్వానిది, వేలం పంచాయతీది, నీళ్లు ఆయకట్టుది, కట్టె కొట్టినవాడిది. ఎవరి పేరునా చెట్టు ఖర్చు రాసి లేదు.

కట్టె లెక్క ఇలా తేలకుండా ఉండగానే, కమలాపురం ఉన్న కడప జిల్లాలోనే 2017 ఏప్రిల్‌లో సౌర విద్యుత్తుకు వేలం జరిగింది. యూనిట్ 3 రూపాయల 15 పైసలకు ఖరారైంది. దానికి ముందే 2016లో కదిరి దగ్గర నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం నడిపింది. గొల్లాపురం లాంటి కేంద్రాలు దాదాపు నలభై అయిదు కలిస్తే గానీ ఆ సామర్థ్యం రాదు. ఎండకు మోపు కట్టక్కర్లేదు, ట్రాక్టర్ అక్కర్లేదు. సూర్యుడు పోయాక కరెంటు ఇవ్వగలగడం ఒక్కటే కట్టెకు మిగిలిన ఆధిక్యం. ఆ సాయంత్రపు యూనిట్‌కు వేరే ధర కట్టాలన్న మాట కంప కేంద్రాలు కట్టిన రోజుల్లో ఎవరి లెక్కలోనూ లేదు.

2022 ఏప్రిల్ 4 నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి. ధర్మవరంలో పట్టు ఇంకా మరిగే నీళ్లలోనే జిగురు వదులుతోంది. దాని కింద మండేది ఏ చెరువు కంపో, కొట్టినవారికి మోపుకు ఎంత ముట్టిందో జిల్లా కార్యాలయంలోని ఏ దస్త్రమూ చెప్పదు.